పిల్లలు చూసే వీడియో తగినదేనా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి, అంచెలంచెలుగా

వేసవి సెలవులు మొదలయ్యాయంటే మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకటే మాట అడుగుతారు: "ఈ ఛానల్ పిల్లలకు చూపించొచ్చా?" విజయవాడ ఎండ సంగతి తెలిసిందే. మే నెలలో పొద్దున 11 దాటితే సాయంత్రం 5 దాకా పిల్లల్ని కిందికి పంపలేం. ఫోనో టీవీయో చేతికివ్వక తప్పని గంటలు రోజూ కొన్ని ఉంటాయి.

ఫలానా ఛానల్ మంచిది, ఫలానాది చెడ్డది అని ఇక్కడ చెప్పడం లేదు. ఇవాళ బాగున్న ఛానల్ ఆరు నెలలకు వేరే దారి పట్టొచ్చు. ఏ వీడియో వచ్చినా మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను. 3 నుంచి 12 ఏళ్ల పిల్లలున్న ఇళ్ల కోసం ఇది. రెండేళ్లలోపు పిల్లలకైతే వీడియోలే వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. రెండు నుంచి ఐదేళ్ల మధ్య వాళ్లకు రోజుకు గంట మించకూడదని కూడా అదే సంఘం సూచన.

ఈ పద్ధతి నేను దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను. మా చిన్నమ్మాయికి ఐదేళ్లప్పుడు ఉన్నట్టుండి ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లడం మానేసింది. ఎందుకో చెప్పలేదు. వారం తర్వాత ఫోన్ హిస్టరీ తిరగేస్తే ఒక దెయ్యం కథ కనిపించింది. పేరులో "పిల్లల కథలు" అని ఉంది, రంగురంగుల బొమ్మలున్నాయి. నేను పక్క గదిలోనే ఉండి, బొమ్మలే కదా అనుకున్నాను.

1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

పిల్లలు పడుకున్నాక అరగంట చాలు. వాళ్లు పక్కనుంటే మీ చూపు వీడియో మీద నిలవదు.

- ఒక చిన్న నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకుంటే మళ్లీ తెరిచి చూడం.
- ఇయర్‌ఫోన్స్.
- ఇంట్లో వీడియోలు వచ్చే పరికరాల జాబితా: అమ్మ ఫోన్, నాన్న ఫోన్, టీవీ, ట్యాబ్, అమ్మమ్మ ఫోన్. అమ్మమ్మ ఫోన్ మర్చిపోవద్దు.
- మీ పిల్లల గురించి మూడు ముక్కలు: దేనికి భయపడతారు, ఏది వెంటనే అనుకరిస్తారు, ఈ మధ్య ఏ కొత్త మాట పట్టుకున్నారు.

ఈ మూడు ముక్కలు రాయకుండా ముందుకెళ్లొద్దు. ఒకే ఇంట్లో అన్నకు నవ్వొచ్చే వీడియో చెల్లికి నిద్ర పట్టనివ్వదు. మా పెద్దవాడు అదే దెయ్యం కథ చూసి హాయిగా పడుకున్నాడు.

2. వయసు గుర్తు ఎంతవరకు పనికొస్తుంది

నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో, ఆహా లాంటి ఓటీటీల్లో సినిమా, సిరీస్ మొదలవగానే ఒక గుర్తు వస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఇవి ఐదు: యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ. పక్కనే హింస, బూతు మాటలు, భయం లాంటి కారణం కూడా రాస్తారు. చాలామంది గుర్తు చూసి కారణం వదిలేస్తారు. అసలు సమాచారం ఆ కారణంలోనే ఉంటుంది. 13+ గుర్తు మాటల వల్ల పడిందా, రక్తపాతం వల్ల పడిందా అన్నది మీకు తెలియాలి.

పాత సినిమాలతో జాగ్రత్త. థియేటర్ సినిమాలకు యు/ఎను 7+, 13+, 16+ అని విడదీయడం 2024 నిబంధనలతో వచ్చింది. అంతకు ముందు వాటికి ఉత్త యు/ఎ మాత్రమే. అది ఏడేళ్ల పిల్లలు చూడగలిగేదీ కావచ్చు, పదహారేళ్లవాళ్లకే తగినదీ కావచ్చు. అలాంటివి మీరు చూడకుండా చూపించొద్దు.

యూట్యూబ్‌లో ఎవరో తీసి పెట్టే వీడియోలకు ఈ ఐదు గుర్తులు వర్తించవు. అక్కడ "పిల్లల కోసం తయారు చేసింది" అనే ముద్ర ఉంటుంది. దాన్ని చాలావరకు వీడియో పెట్టినవాళ్లే ఎంచుకుంటారు. ఆ ముద్ర 2020 జనవరి నుంచి తప్పనిసరైంది. పిల్లల వివరాలు సేకరించి ప్రకటనలకు వాడుకోకుండా చూడటం దాని ఉద్దేశం. కథ మంచిదని ఎవరో చూసి వేసిన ముద్ర కాదది. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి.

3. వీడియో తెరవకముందు ఛానల్ చూడండి

రెండు నిమిషాల పని. ఛానల్ పేరు నొక్కి, వీడియోల జాబితా కిందికి జరుపుతూ వెళ్లండి.

- 20 తంబ్‌నెయిల్స్ (వీడియో తెరవకముందు పైన కనిపించే బొమ్మలు) వరసగా చూడండి. ఏడుస్తున్న పిల్లలు, రక్తం, నోరు తెరిచి అరిచే ముఖాలు, పెళ్లికూతురి వేషంలో చిన్నపిల్లలు ఎన్నింటిలో ఉన్నాయి?
- రోజుకు నాలుగైదు వీడియోలు పెడుతున్నారా? పిల్లల కథ శ్రద్ధగా చేసేవాళ్లకు అంత వేగం కుదరదు.
- ఛానల్ గురించి రాసిన చోట తయారుచేసినవాళ్ల వివరం ఏమైనా ఉందా?
- పేరున్న కార్టూన్ పాత్రలు వేరేవాళ్ల ఛానల్‌లో కనిపిస్తున్నాయా? ఉంటే అక్కడితో ఆపేయండి.

ఆ చివరి అంశం ఊరికే రాయలేదు. పిల్లలకు బాగా తెలిసిన కార్టూన్ బొమ్మలనే వాడుకుని, లోపల సూదులు, దెబ్బలు, అసహ్యమైన సన్నివేశాలు పెట్టిన వీడియోలు కుప్పలుగా ఉన్నాయని 2017లో ప్రపంచమంతా గోల అయింది. అప్పుడు ఎన్నో ఛానళ్లు తీసేశారు. ఇప్పుడు ఏఐతో అలాంటి బొమ్మలు గంటలో చేసేస్తున్నారు.

4. మూడు చోట్ల, రెండు విధాలుగా చూడండి

అసలు పని ఇది. పది నిమిషాల వీడియోకు ఐదు నిమిషాలు పడుతుంది.

*మొదటి విధం: సౌండ్ తీసేసి.* మొదట్లో ఒక నిమిషం, మధ్యలో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం చూడండి. మాటలు లేకపోతే కళ్లకు అసలు విషయం కనబడుతుంది. ఎవరు ఎవరిని కొడుతున్నారు, కెమెరా ఎవరి ఒంటి మీద ఆగుతోంది, బొమ్మ ఎంత వేగంగా మారుతోంది. మనసులో పది లెక్కపెట్టేలోపు దృశ్యం ఏడెనిమిది సార్లు మారిపోతుంటే చిన్నపిల్లలకు అది వద్దు. నా అనుభవంలో అలాంటివి చూశాక ఫోన్ తీసుకుంటే ఏడుపు ఎక్కువ.

*రెండో విధం: తెర బోర్లించి.* ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండు నిమిషాలు వినండి. బొమ్మలు ముద్దుగా ఉంటే మాటల్ని మన చెవి క్షమించేస్తుంది. ఒట్టి మాటలు వింటే "నల్లమొహం", "లావుగా ఉన్నావు", "కట్నం తేలేదు", "చంపేస్తా" అన్నవి సూటిగా తగులుతాయి. నవ్వుల శబ్దం ఏ మాట తర్వాత వస్తోందో గమనించండి. ఒకరి రంగునో, నత్తినో, పేదరికాన్నో అన్న వెంటనే నవ్వు వస్తే పిల్లలు నేర్చుకునే పాఠం అదే.

ఎక్కడ ఆగి చూడాలో తెలియకపోతే రెండు చిట్కాలు. ఎక్కువమంది చూసిన యూట్యూబ్ వీడియోల్లో కింది గీత మీద వేలు పెడితే కొండలా ఒక గ్రాఫ్ లేస్తుంది. జనం మళ్లీ మళ్లీ చూసిన చోటు అది. ఆ శిఖరం దగ్గరికి వెళ్లి చూడండి. రెండోది, కామెంట్లు ఉంటే మొదటి పది చదవండి. నిమిషం అంకె వేసి మరీ నవ్వుకున్న చోట్లలో డబుల్ మీనింగ్ ఉందేమో తెలిసిపోతుంది.

చూడటం అయ్యాక వీడియో ముగిసేదాకా ఆగి, తర్వాత ఏది వస్తోందో చూడండి. కింద వరసగా సూచించే మొదటి ఐదింటినీ చదవండి. పిల్లలు ఒక్క వీడియో చూసి ఫోన్ పక్కన పెట్టరు. వీడియో మంచిదై, తర్వాత వచ్చే ఐదింటిలో రెండు చెత్తవైతే, ఆటోప్లే (ఒకటి అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవడం) ఆపకుండా దాన్ని ఇవ్వొద్దు.

5. తెలుగులో తరచూ ఎదురయ్యే రకాలు, ఒక్కోదానికి ఒక్కో పరీక్ష

*నీతి కథల బొమ్మలు.* ఎక్కువ మోసపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పేరు నీతి కథ. లోపల అత్త కోడలికి అన్నం పెట్టదు, సవతి తల్లి పిల్లను కొడుతుంది, డబ్బున్న తోడికోడలు పేద తోడికోడలిని అవమానిస్తుంది. తొమ్మిది నిమిషాలు ఇదే. ఆఖరి అరనిమిషంలో అందరూ మారిపోతారు. గడియారం పెట్టి చూడండి: చెడు ఎంతసేపు నడిచింది, దానికి సమాధానం ఎంతసేపు నడిచింది? పెద్దవాళ్లం ముగింపును గుర్తుపెట్టుకుంటాం. నాలుగేళ్ల పిల్ల గుర్తుపెట్టుకునేది ఎక్కువసేపు చూసిన దాన్ని. మా పక్కింటి పాప బొమ్మల పెళ్లి ఆడుకుంటూ కోడలి బొమ్మను "బయటికి పో" అని గుమ్మం దాకా ఈడ్చింది. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

మంచి నీతి కథకు ఒక గుర్తుంది. మధ్యలో ఆపి "ఇప్పుడు ఈ కుందేలు ఏం చేస్తే బాగుంటుంది?" అని అడిగితే పిల్లల దగ్గర జవాబుంటుంది. ఒట్టి ఏడుపుల కథలో పాత్ర చేయగలిగింది ఏమీ ఉండదు.

*ప్రాంకులు, ఛాలెంజ్‌లు.* ఒకటే ప్రశ్న: మన ఇంట్లో ఉన్న వస్తువులతో మా పిల్లలు దీన్ని ఈ సాయంత్రమే చేయగలరా? అగ్గిపెట్టె, చున్నీ, బాల్కనీ గోడ, ఐస్ నీళ్లు, కారం. చేయగలిగేదైతే వద్దు. "ఇది ప్రయత్నించకండి" అని రాసిపెట్టారు కదా అనుకోవద్దు. చదవడం రాని పిల్లలకు ఆ అక్షరాలు కనబడవు, చదవడం వచ్చినవాళ్లను అవి ఇంకా ఊరిస్తాయి.

*గేమ్ ఆడుతూ మాట్లాడే వీడియోలు.* తెర బోర్లించి వినండి. గేమ్ ఏదన్నది కాదు, ఓడిపోయినప్పుడు ఆ కుర్రాడి నోటి నుంచి ఏం వస్తుందో వినాలి.

*బొమ్మల పెట్టెలు విప్పే వీడియోలు.* హాని పెద్దగా కనిపించదు. వీటిలో చాలావరకు ప్రకటనే. వారంలో మీ పిల్లలు కొత్తగా ఏం కొనమన్నారో నోట్‌బుక్‌లో రాస్తే తెలుస్తుంది.

*కామెడీ స్కిట్ల ముక్కలు.* టీవీ స్కిట్లలోంచి కత్తిరించిన నిమిషం క్లిప్పులు. 12 ఏళ్లలోపు వాళ్లకు నేనైతే ఇవ్వను. మొత్తం స్కిట్‌లో కాస్త కథైనా ఉంటుంది. ముక్కలో మిగిలేది ఎవరినో అవమానించిన మాట మాత్రమే.

*పిల్లలే నటించేవి.* ఆ పిల్ల అనే మాట మీ పిల్ల నలుగురిలో అంటే మీకెలా ఉంటుంది? ప్రేమ డైలాగులు, పెద్దవాళ్ల పాటలకు పెద్దవాళ్ల అభినయం ఉంటే తీసేయండి. నవ్వించడం కోసం పిల్లల్ని ఏడిపించినా అంతే.

*షార్ట్స్, రీల్స్.* వీటికి పరీక్ష లేదు. తర్వాత వచ్చేది ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి ముందుగా చూసి ఇవ్వడం కుదరదు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు కనీస వయసు 13 అని ఆ సంస్థే పెట్టింది.

6. ఒకసారి పక్కన కూర్చుని పిల్లల ముఖం చూడండి

మీ పరీక్షలో నెగ్గిన వీడియోను మొదటిసారి పిల్లలతో కలిసి పెట్టండి. తెర మీరు చూసేశారు, ఇప్పుడు వాళ్ల ముఖం చూడండి. రెప్ప వేయకుండా బిగుసుకుపోయారా, మధ్యలో మీ వైపు తిరిగి ఏదైనా చెబుతున్నారా, గోళ్లు కొరుకుతున్నారా, దిండు పట్టుకున్నారా?

అయ్యాక మూడు ప్రశ్నలు. పరీక్షలా కాకుండా, అన్నం కలుపుతూ మాటల్లో అడగండి.

- "ఏం జరిగింది నాన్నా అందులో?"
- "నీకు ఎవరు నచ్చారు?"
- "మళ్లీ చూడొద్దు అనిపించిన చోటు ఏమైనా ఉందా?"

మూడోది తప్పకుండా అడగండి. "భయమేసిందా?" అంటే మగపిల్లలు లేదనే అంటారు. ఇలా తిప్పి అడిగితే చెబుతారు. మొదటి ప్రశ్నకు పది నిమిషాల కథలోంచి రెండు వాక్యాలు కూడా రాకపోతే, ఆ వీడియోలో కథ లేదని అర్థం.

7. నిర్ణయం రాసిపెట్టండి

నోట్‌బుక్‌లో మూడు పేజీలు చేయండి.

- ఒంటరిగా చూడొచ్చు.
- పక్కన పెద్దవాళ్లుంటేనే.
- ఇప్పుడు వద్దు. పక్కన కారణం ఒక్క ముక్కలో, మళ్లీ చూసే నెల.

"ఎప్పటికీ వద్దు" అని నేను రాయను. కారణం చెప్పి, ఎప్పుడు చూస్తావో చెబితే తొమ్మిదేళ్లవాడు కూడా ఒప్పుకుంటాడు. ఎటూ తేలకపోతే రెండో పేజీలో వేయండి. మొదటి పేజీలో ఐదారు ఛానళ్లుంటే చాలు. పిల్లలు చూసిందే చూస్తారు, అందులో తప్పేం లేదు.

8. ఇప్పుడు సెట్టింగ్స్

వీటిని ముందు చేసి పని అయిపోయిందనుకోవద్దు. మీ నిర్ణయాన్ని అమలు చేయడానికే ఇవి.

- *యూట్యూబ్ కిడ్స్:* ఇది పిల్లల కోసం యూట్యూబ్ పెట్టిన వేరే యాప్. 4 ఏళ్ల వరకు, 5–8, 9–12 అని మూడు వయసు వరసలున్నాయి. వీటికన్నా నాకు నచ్చింది "మీరే ఆమోదించండి" అనేది. మీరు ఎంచిన వీడియోలు, ఛానళ్లే కనిపిస్తాయి, వెతకడం కూడా కుదరదు. టైమర్ కూడా ఇందులోనే ఉంది.
- ఆ యాప్‌లోనే తాళం గుర్తు నొక్కితే ఒక గుణకారం లెక్క అడుగుతుంది. ఎక్కాలు వచ్చిన మూడో తరగతి పిల్లలు దాన్ని ఇట్టే దాటేస్తారు. మీ సొంత నంబర్ పెట్టుకోండి. పుట్టిన తేదీ వద్దు.
- *మామూలు యూట్యూబ్:* రెస్ట్రిక్టెడ్ మోడ్ (పెద్దవాళ్ల వీడియోలను వడకట్టే సెట్టింగ్) ఆన్ చేసి, ఆటోప్లే ఆఫ్ చేయండి. రెస్ట్రిక్టెడ్ మోడ్‌ను ఏ పరికరానికి ఆ పరికరంలోనే పెట్టాలి. ఫోన్‌లో పెట్టినంత మాత్రాన టీవీలో పడదు. అది అన్నింటినీ ఆపలేదని కూడా గుర్తుంచుకోండి.
- *ఓటీటీ:* పిల్లలకు వేరే ప్రొఫైల్, పెద్దవాళ్ల ప్రొఫైల్‌కు పిన్. రెండోది లేకపోతే మొదటిది వృథా. నెట్‌ఫ్లిక్స్‌లో ఫలానా సినిమా పేరే కనిపించకుండా ఆపొచ్చు.

9. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

*పిల్లలు మన ఖాతాలోనే చూడటం.* మనం రాత్రి చూసిన క్రైమ్ సిరీస్ ముక్కలు పొద్దున వాళ్లకు సూచనలుగా వస్తాయి. వేరే ఖాతా పెట్టండి. అప్పటిదాకా హిస్టరీ తుడిచి, వద్దనుకున్న ఛానల్‌కు "ఈ ఛానల్‌ను సూచించవద్దు" అని నొక్కండి.

*హిస్టరీ పిల్లల ముందే తిరగేసి తిట్టడం.* మరుసటి రోజు నుంచి దాచడం మొదలవుతుంది. చూసింది మనసులో పెట్టుకుని, సాయంత్రం మాటల్లో అడగండి.

*అన్నం తినడానికి ఫోన్.* ఆ సమయంలో పిల్లలు ఏది అడిగితే అది పెట్టేస్తాం, పరీక్షలన్నీ గాలికి పోతాయి. ఒక్కసారిగా మానిపించలేకపోతే, తినేటప్పుడు మొదటి పేజీలోని ఒకే ఒక్క పాటల వీడియో అని నియమం పెట్టండి. ఫోన్ చేతికివ్వకుండా దూరంగా నిలబెట్టండి.

*ఊరెళ్లినప్పుడు అన్నీ వదిలేయడం.* మా పిల్లలు సెలవుల్లో గుంటూరు బ్రాడీపేటలో అమ్మమ్మ దగ్గర పది రోజులుంటారు. ఇక్కడ నేను కట్టిన తాళాలన్నీ అక్కడ లేవు. మొదటి ఏడు అమ్మతో "ఫోన్ ఇవ్వొద్దమ్మా" అని గొడవపడ్డాను. ఆవిడ బాధపడింది తప్ప మారలేదు. తర్వాతి ఏడు వెళ్లగానే పావుగంట కూర్చుని ఆవిడ ఫోన్‌లో యూట్యూబ్ కిడ్స్ వేసి, ఆమోదించిన ఛానళ్లు పెట్టి, దాని బొమ్మను మొదటి తెర మీదికి తెచ్చాను. "పిల్లలు అడిగితే ఎర్ర బొమ్మ నొక్కమ్మా, మిగతాది నువ్వు పట్టించుకోనక్కర్లేదు" అన్నాను. అది పనిచేసింది. పెద్దవాళ్లకు నియమాలు చెప్పడం కంటే వాళ్ల పని తేలిక చేయడం మేలు.

*ఒకసారి చూసి ఊరుకోవడం.* రెండు నెలలకోసారి మొదటి పేజీలోని ఛానళ్లను మళ్లీ తెరిచి, కొత్త వీడియోల్లో ఒక్కటైనా 4వ అంచెలో చెప్పినట్టు చూడండి.

10. చూడకూడనిది చూసేస్తే

ఫోన్ లాక్కోవద్దు, అరవొద్దు. "ఇది నాకు నచ్చలేదు, ఆపేద్దాం" అని మామూలు గొంతుతో ఆపండి. ఏం చూశారో వాళ్ల మాటల్లో చెప్పనివ్వండి. అడగని వివరాలు మీరు చెప్పొద్దు. ఛానల్‌ను బ్లాక్ చేసి, వీడియోను రిపోర్ట్ చేయండి.

భయం పట్టుకుంటే "దెయ్యాలు లేవు" అన్న ఒక్క మాటతో అది పోదు. మేము మా చిన్నదానితో ఆ దెయ్యాన్ని కాగితం మీద గీయించాం, తనే దానికి జడ వేసి రిబ్బన్ కట్టింది. బాత్రూమ్ లైటు రాత్రంతా వెలిగించి ఉంచాం. మొదటి రెండు వారాలు తోడు వెళ్లాం, తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఐదో వారానికి ఒక్కతే వెళ్లింది. నిద్ర, తిండి, బడి మీద ప్రభావం వారాల తరబడి ఉంటే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

పిల్లలను లైంగికంగా చూపించే వీడియో ఎదురైతే పద్ధతి వేరు. దాన్ని సేవ్ చేయొద్దు, సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపొద్దు. అలాంటిది దగ్గర ఉంచుకోవడం, పంచడం నేరం. లింకు, ఖాతా పేరు, సమయం కాగితం మీద రాసుకుని కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఇలాంటి వాటికి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. ఎవరైనా మీ పిల్లలకు నేరుగా ఇలాంటివి పంపుతున్నా, ఫొటోలు అడుగుతున్నా 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల సహాయ నంబర్, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఆ నంబర్‌ను నోట్‌బుక్ అట్ట లోపల రాసిపెట్టి, ఫోన్ పట్టుకునే వయసున్న పిల్లలకు కూడా చూపించండి.